ఒక నల్ల బీరుకి 50కి ఎన్ని మార్కులు?

ముందే చెప్పేస్తున్నా, నేను బీరు తాగను. నాకు 19 ఏళ్లు. మన రెండు రాష్ట్రాల్లోనూ మందు కొనాలంటే 21 నిండాలి. అయినా ఈ సెలవుల్లో నల్ల బీరు గురించి ఇంత చదివానంటే కారణం మా అన్నయ్య, అంటే పెద్దమ్మ కొడుకు. అమెరికాలో ఉద్యోగం. వీకెండ్‌లో గ్యారేజీలో సొంతంగా బీరు తయారు చేసుకుంటాడు (అక్కడ అది తప్పు కాదు). మొన్న ఒక పోటీకి పంపితే 50కి 28 వచ్చాయి. "నాలుగు నెలల కష్టం రా! తాగిన ఫ్రెండ్సంతా సూపర్ అన్నారు. ఈ జడ్జీలకేమైంది?" అని మెసేజ్ పెట్టి, వాళ్ల స్కోర్ షీట్ కూడా పంపాడు. ఓదారుద్దామని తెరిచా. చదువుతూ కూర్చుండిపోయా.

అన్నయ్య చేసినదాన్ని ఇంపీరియల్ స్టౌట్ అంటారు. 18వ శతాబ్దంలో లండన్‌లోని యాంకర్ బ్రూవరీ లాంటి చోట్ల ఘాటైన నల్ల బీరు చేసి ఓడల్లో రష్యాకి పంపేవాళ్లు. అది కేథరిన్ మహారాణి కొలువుకి కూడా చేరింది. పేరులో ఆ 'ఇంపీరియల్' అందుకే. బార్లీని మొలకెత్తించి ఎండబెడితే మాల్ట్ అవుతుంది. మనింట్లో రాగి మాల్ట్ లాగే అనమాట. 1817లో డేనియల్ వీలర్ అనే ఆయన, మాల్ట్‌ని తిరిగే డ్రమ్ములో కాఫీ గింజల్లా నల్లగా వేయించే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు.

ఇక మార్కుల సంగతి. 1985లో అమెరికాలో మొదలైన బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ వాళ్ల షీట్ ప్రకారం వాసనకి 12, రూపానికి 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకి 5, మొత్తం మీద అభిప్రాయానికి 10. జడ్జి ముందు ఉండేది నంబరు మాత్రమే, చేసిందెవరో తెలీదు. ఇద్దరు జడ్జీలు ముందు మాట్లాడుకోకుండా ఎవరి షీట్ వాళ్లు రాసి, తర్వాతే చర్చిస్తారు.

రూపానికి 3 మార్కులేనా అనిపించింది. కానీ రంగు మనల్ని బాగా మోసం చేస్తుంది. నల్లగా ఉంటే స్ట్రాంగ్ అనుకుంటాం. గిన్నిస్ డ్రాఫ్ట్ కూడా నల్లగానే ఉంటుంది, ఆల్కహాల్ మాత్రం 4 శాతం పైచిలుకే. ఇంపీరియల్ స్టౌట్‌లో 8 నుంచి 12 శాతం దాకా ఉంటుంది. రంగు వచ్చేది వేయించిన గింజ వల్ల, ఆల్కహాల్ వచ్చేది ఈస్ట్ తిన్న చక్కెర వల్ల. పులియకముందు సాంద్రత 1.095, పులిశాక 1.025 అనుకోండి. తేడా 0.070. దాన్ని 131.25తో గుణిస్తే సుమారు 9.2 శాతం.

వాసన చూడాలంటే బీరు మరీ చల్లగా ఉండకూడదు. ఐస్‌లా ఉంటే వాసన పైకి రాదు. అందుకే 10 నుంచి 13 డిగ్రీల దగ్గర పోస్తారు. ఇంకా చల్లగా ఉంటే జడ్జి అరచేతులతో గ్లాసుని వెచ్చబెట్టుకుంటాడు. కొన్ని వాసనలు మన ఎర్రర్ మెసేజ్‌ల లాంటివి. పచ్చి యాపిల్ వాసన వస్తే ఈస్ట్ పని పూర్తి కాలేదేమో చూడాలి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే ఆక్సిజన్ తగిలినట్టు.

రుచి దగ్గరికొచ్చేసరికి నా ఇంగ్లీష్ మీడియం చేతులెత్తేసింది. షీట్‌లో ఉన్న రెండు మూడు మాటల మధ్య తేడా నాకు అర్థం కాలేదు. అమ్మని అడిగితే ఒక్క నిమిషంలో తేల్చేసింది: "పప్పు దోరగా వేగడం వేరు, ఎర్రగా వేగడం వేరు, మాడటం వేరు." అంతే! ఈ బీరులో ఎర్రగా వేగిన కమ్మదనం ఉండాలి, మాడు వాసన పైకి తేలకూడదు. చేదు, వగరు సంగతి కూడా అంతే. ఉగాది పచ్చడిలో వేపపువ్వుది చేదు, మామిడి పిందెది వగరు. చేదు నాలుక మీది రుచి, వగరు నోటిని పట్టేసి ఎండగొట్టే గుణం. ఈ బీరుకి చేదు కావాలి. పచ్చి జామపిందె కొరికినట్టు నోరు పట్టేస్తే మాత్రం తప్పే. ఆల్కహాల్ కూడా వెచ్చగా దిగాలి, మండకూడదు.

అన్నయ్యకి వాసనకి 9, రూపానికి 3, రుచికి 10, నోట్లో తగిలే తీరుకి 2, అభిప్రాయానికి 4. కింద జడ్జి రాసింది ఇది: కాఫీ, చాక్లెట్ వాసన చాలా బాగుంది. గొంతులో మంట ఉంది. పులిసేటప్పుడు వేడి ఎక్కువైనట్టుంది, మొదటి రోజుల్లో చల్లగా ఉంచి చూడండి. అన్నయ్యని అడిగితే కాసేపాగి, "ఆ వారం గ్యారేజీ వేడిగానే ఉంది రా" అన్నాడు. ఆ మంట ఫ్రెండ్స్‌కీ తగిలే ఉంటుంది. ఒక్కరూ చెప్పలేదు.

ఇక్కడ నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. పోయిన సెమిస్టర్‌లో మా రూమ్మేట్ తన మొదటి కథని పోటీకి పంపేముందు నాకు చూపించాడు. "కేక రా" అన్నాను. నిజానికి రెండో పేజీలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో నాకు అర్థం కాలేదు. కథ తిరిగొచ్చింది. "నీకు నిజంగా నచ్చిందా?" అని అడిగితే ఏదో గొణిగి తప్పించుకున్నా. ఈ షీట్ చదివిన రాత్రి ఆ కథ మళ్లీ చదివి, ఏది నిలబడింది, ఏది ఎక్కడ జారిందో రాసి పంపా. రెండ్రోజులు రిప్లై లేదు. మూడో రోజు, "ఆ రెండో పేజీ సంగతి ఇంకోసారి చెప్పు" అని మెసేజ్.

మీరూ ప్రయత్నించండి, బీరు అక్కర్లేదు. రేపు పొద్దున పాలు కలపని డికాక్షన్ ఒక గుక్క తీసుకోండి. ముందు వాసన చూడండి, గోరువెచ్చగా అయ్యాక మళ్లీ చూడండి. దోరా, ఎరుపా, మాడా? చేదా, వగరా? 'బాగుంది' అనే మాట లేకుండా నాలుగు వాక్యాలు రాయండి. నాకు మొదటిసారి రెండే వచ్చాయి.

అన్నయ్య రెండో బ్యాచ్ ఇప్పుడు చల్లటి బేస్‌మెంట్‌లో ఉంది. ఇంత ఘాటైన బీరు నెలల తరబడి, ఏళ్ల తరబడి కూడా నిలవుంటుంది. నాకు 21 నిండేదాకా ఒక సీసా దాస్తానన్నాడు, ఒక షరతు మీద: "సూపర్ అన్నావంటే ఊరుకోను. షీట్ నింపాలి."