క్వార్ట్జ్ పలక: గిరాకీ ఒక పక్క, ధూళి ఒక పక్క

గృహాలంకరణ సరుకుల విపణిలో నల్లరాతికి ఉన్న పట్టు కొన్నేళ్లుగా సడలుతూ వచ్చింది. వంటింటి గట్టుకు, స్నానాల గదిలో బేసిన్ కింది బల్లకు, హోటలు కౌంటరుకు ఒకప్పుడు చీమకుర్తి నలుపునో, కరీంనగర్ టాన్ బ్రౌన్‌నో అడిగిన ఖాతాదారు ఇప్పుడు తెల్లపలక అడుగుతున్నాడు. ఆ తెల్లపలక గనిలోంచి దిమ్మెగా వచ్చిన రాయి కాదు. పలుగురాతిని పొడి కొట్టి, జిగురు కలిపి, ప్రెస్సులో ఒత్తి తీసిన క్వార్ట్జ్ పలక. అమెరికాలో వంటింటి గట్ల సరుకులో ఇది గ్రానైటును దాటిపోయింది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాల కొత్త అపార్ట్‌మెంట్లలోనూ ఇదే వరస కనిపిస్తున్నది.

ఇంతవరకు వర్తకులు ఎరిగిన సంగతే. ఎరిగి కూడా చాలామంది లెక్కలో వేసుకోనిది మరొకటి ఉన్నది. ఈ సరుకు తేజీ మందీలను ఇకమీదట నిర్ణయించేది రంగూ కాదు, ఓడ కిరాయీ కాదు. పలకను కోసేటప్పుడు లేచే ధూళి. ఆ ధూళి కారణంగా ఒక దేశం తన బజారును ఇప్పటికే మూసివేసింది.

సరుకు తయారయ్యే తీరు

క్వార్ట్జ్ పలకలో తూకం ప్రకారం 90 నుంచి 93 శాతం వరకు పలుగురాయి. మిగిలినది పాలియెస్టర్ రెజిన్ అనే జిగురు, రంగు, కొద్దిపాటి రసాయనాలు. రాతిని కొంత రవ్వగా, కొంత మైదాపిండి వలె మెత్తగా ఆడిస్తారు. రవ్వ సందులను పిండి పూడుస్తుంది, రెంటినీ జిగురు పట్టుకుంటుంది. ఈ ముద్దను అచ్చులో పరచి, గాలి తీసివేసి, అదురుతో ఒత్తిడి పెట్టి, తరువాత కొలిమిలో తగుమాత్రపు వేడికి గట్టిపరుస్తారు. పైన మెరుగు పెడితే పలక సిద్ధం. ఈ యంత్రాలకు పేరుమోసినది ఇటలీలో 1963లో వెలసిన బ్రెటన్ కంపెనీ. ఇజ్రాయెల్‌లో 1987లో సీజర్‌స్టోన్, 1990లో స్పెయిన్ నుంచి సైల్‌స్టోన్ ఈ మార్గానే బజారుకు వచ్చాయి.

మన వైపు ఈ రంగంలోకి ముందు దిగినది గ్రానైటు గనుల వ్యాపారంలో ఉన్న హైదరాబాదు సంస్థ పోకర్ణ కావడం గమనార్హం. విశాఖపట్నం వద్ద అచ్యుతాపురంలో 2009లో ఒక ఫ్యాక్టరీ, హైదరాబాదు సమీపాన మేకగూడలో 2021లో రెండవది నడకలోకి వచ్చాయి. దిమ్మెలు అమ్మిన చేతులే పొడి ఒత్తడానికి పూనుకున్నాయంటే గాలి ఎటు వీస్తున్నదో వేరే చెప్పనక్కరలేదు.

పలక గుణాలలో వర్తకుడు ఖాతాదారుకు చెప్పవలసినవి రెండున్నాయి. పలుగురాయి గట్టి సరుకు, కత్తిగాటుకు లొంగదు. పలకకు రంధ్రాలు లేవు గనుక నూనె, పులుసు లోపలికి ఇంకవు. కానీ జిగురు జిగురే. పొయ్యి మీది మూకుడును దించి నేరుగా గట్టు మీద పెడితే మచ్చ పడుతుంది, ఒక్కొక్కసారి పగులుతుంది. నిలువెండ తగిలే చోట పసుపుబారుతుంది. నల్లరాతికి ఈ బెంగ లేదు. అమ్మేటప్పుడు ఈ మాట దాచిన దుకాణానికి ఆరు నెలల తరువాత అదే ఖాతాదారు మళ్లీ వస్తాడు, కొనడానికి మాత్రం కాదు.

నలుపు ఎందుకు వెనుకబడింది

చీమకుర్తి బ్లాక్ గెలాక్సీని వర్తకంలో గ్రానైటు అంటారు గాని, భూగర్భ శాస్త్రం లెక్కన అది గాబ్రో జాతి రాయి. అందులో మెరిసే బంగారు రంగు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. ఒక దిక్కు నుంచి సూటిగా వెలుగు పడితేనే ఆ చుక్క మెరుస్తుంది. ఎండలో గాని, స్పాట్ లైటు కింద గాని ఆ రాయి చూడముచ్చట. ఇప్పటి ఇళ్లలో సీలింగుకు పరిచే ఎల్.ఇ.డి. ప్యానెళ్ల వెలుగు అన్ని దిక్కులా సమంగా చెదిరిపోతుంది. అటువంటి వెలుగులో గెలాక్సీ వట్టి నలుపుగా కనిపిస్తుంది. పైగా గట్టు మీది అల్మరాల అడుగున ఎల్.ఇ.డి. పట్టీ అమర్చడం మామూలైంది. నల్లని మెరుగు మీద ఆ పట్టీ వెలుగు గీతలా ప్రతిబింబిస్తుంది. నీటి చుక్క, వేలిముద్ర సైతం పట్టి చూపుతుంది. తెలుపు మీద అదే వెలుగు పరుచుకుని గది పెద్దదిగా తోస్తుంది. చిన్న వంటింటికి ఇది చాలు, ఖాతాదారు మనసు మారడానికి.

ఇక్కడ దుకాణదారులకు ఒక చిక్కు ఉన్నది. ఒకే తెల్లపలక 3000 కెల్విన్ దీపం కింద మీగడ రంగులో, 6500 కెల్విన్ దీపం కింద నీలిఛాయతో కనిపిస్తుంది. షోరూములో ఒక దీపం, ఇంట్లో మరొక దీపం అయినప్పుడు ‘నేను చూసినది ఇది కాదు’ అన్న పేచీ తప్పదు. నమూనా ముక్కను ఇంటికి పంపి, అక్కడి దీపం కింద చూడమనడం తగవు రాకుండా చేసే చౌక మార్గం.

రంగు ఒకే తీరుగా ఉండడం క్వార్ట్జ్ పలకకు ఉన్న అసలు బలం. గనిలో ఒక దిమ్మెకు మరో దిమ్మె కలవదు. వంద గదుల హోటలుకు ఆర్డరు పట్టిన వర్తకుడు చివరి పది గదులకు రంగు కలిసే రాయి కోసం గని చుట్టూ తిరగడం ఈ వ్యాపారంలో పాత కథ. ప్రెస్సు పలకలో ఆ బాధ తక్కువ. అయినా వేర్వేరు బ్యాచీల మధ్య కొద్దిపాటి తేడా వస్తుంది. ఒక ఆర్డరుకు ఒకే బ్యాచి సరుకు ఎత్తడం మంచిది.

బరువు లెక్క

ఎగుమతిదారులకు ఇంకొక సదుపాయం తూకంలో ఉన్నది. రెండు సెంటీమీటర్ల మందం గల గెలాక్సీ పలక చదరపు అడుగుకు దాదాపు 5.5 కిలోలు తూగుతుంది. అదే మందం క్వార్ట్జ్ పలక సుమారు 4.5 కిలోలు. అమెరికా జాతీయ రహదారులపై లారీ, సరుకు కలిపి 80,000 పౌండ్లు, అంటే సుమారు 36 టన్నులు మించరాదు. కాబట్టి రాతి కంటెయినరు చోటు నిండకముందే బరువు నిండిపోతుంది. ఇరవై టన్నుల సరుకు అనుకుంటే గెలాక్సీ 3,600 చదరపు అడుగులు, క్వార్ట్జ్ 4,400 చదరపు అడుగులు ఎక్కుతాయి. ఓడ కిరాయి పెరిగినప్పుడల్లా ఈ 800 అడుగుల తేడా లాభనష్టాల లెక్కను మార్చివేస్తుంది.

జిగురు సంగతి మరువరాదు. పాలియెస్టర్ రెజిన్ ముడి చమురు సంతానం. దిమ్మెల వర్తకుడికి డీజిలు, డైమండ్ వైరు, సీనరేజి మాత్రమే పట్టేవి. పలక వ్యాపారిని మాత్రం స్టైరీన్ ధర కూడా నిద్రపోనివ్వదు.

సుంకాల దెబ్బ

చైనా పలకపై అమెరికా 2019 జులైలో వేసిన యాంటీ డంపింగ్ సుంకం, ప్రతితులన సుంకం రెండూ కలిపితే 300 శాతం పైమాట. చైనా సరుకు ఆగిన చోట భారత సరుకు నిలిచింది. అక్కడి తయారీదారులు ఊరుకోలేదు; భారత్, టర్కీల మీదా ఫిర్యాదు చేశారు. 2020 జూన్‌లో మన పలకపైనా సుంకాలు పడ్డాయి. చైనాపై వేసిన దానితో పోలిస్తే అవి స్వల్పం గనుక వ్యాపారం నిలిచింది. తరువాత 2025 ఆగస్టు 27న భారత సరుకులపై అమెరికా అదనపు సుంకం 50 శాతానికి చేరినప్పుడు క్వార్ట్జ్, గ్రానైటు అన్న తేడా లేకుండా రెండూ దెబ్బ తిన్నాయి. ఒకే దేశాన్ని నమ్ముకున్న ఎగుమతి ఎంత పలచని నేల మీద నిలబడినదో ఆ నెలలో తేలింది.

స్వదేశంలో ఒక ఊరట మాత్రం దిమ్మెలకే దక్కింది. 2025 సెప్టెంబరు 22 నుంచి గ్రానైటు దిమ్మెలపై జి.ఎస్.టి. 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది.

ధూళి

సుంకం ఈ ఏడు పెరుగుతుంది, వచ్చే ఏడు తగ్గుతుంది. ధూళి వ్యవహారం అటువంటిది కాదు. స్ఫటిక సిలికా మామూలు గ్రానైటులో 20 నుంచి 45 శాతం వరకు ఉంటుంది. పాలరాతిలో రెండు శాతం. క్వార్ట్జ్ పలకలో 80 నుంచి 95 శాతం. గట్టు మీద అమర్చిన పలక వల్ల ఇంట్లోవారికి ఏ హానీ లేదు. హాని దానిని కోసేవాడికి. నీరు పోయకుండా కట్టరు పెడితే లేచే పొగవంటి పొడి ఊపిరితిత్తుల అడుగుకు చేరి అక్కడే నిలుస్తుంది. ఊపిరితిత్తి క్రమంగా గట్టిపడిపోతుంది. దీనినే సిలికోసిస్ అంటారు. దీనికి నయం చేసే మందు లేదు. సిలికా ధూళిని 1997లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి తరగతిలో చేర్చింది.

గనులలో, పలకల ఊళ్లలో ఈ వ్యాధి కొత్తది కాదు. అయితే పాత రాతిపనిలో ఇది పాతిక ముప్పై ఏళ్లకు బయటపడేది. క్వార్ట్జ్ పలక కోసేవారిలో పదేళ్లలోపే ముదిరిన సందర్భాలు ఉన్నాయి. పలక పుట్టిన దేశాలలో ఒకటైన ఇజ్రాయెల్ వైద్యులే 2012లో దీనిని ప్రచురించారు. తరువాత స్పెయిన్, ఆస్ట్రేలియా, అమెరికా కాలిఫోర్నియా రాష్ట్రాల్లో రోగుల జాబితా పెరిగింది. కాలిఫోర్నియా 2023 డిసెంబరులో అత్యవసర నిబంధనలు తెచ్చింది. ఆస్ట్రేలియా ఒక అడుగు ముందుకు వేసి, 2024 జులై 1 నుంచి ఈ పలక తయారీని, సరఫరాను, కోతను, బిగింపును నిషేధించింది. 2025 జనవరి 1 నుంచి దిగుమతిని కూడా ఆపింది. నీరు పోసి కోస్తే చాలుననే వాదన అక్కడ నిలవలేదు. నిబంధన ఉన్నా పాటించే షాపులు తక్కువని వారు తేల్చుకున్నారు.

ఫ్యాక్టరీలో ధూళిని పట్టే యంత్రాలు ఉంటాయి. అసలు చిక్కు ఆ తరువాతది. సింకు గట్టు కిందికి దిగే పద్ధతి వచ్చాక దాని కోసం పలకలో నిలువు గండి పడాలి, ఆ గండి అంచుకు మెరుగు పెట్టాలి. గ్యాస్ పొయ్యి గట్టులో ఇమడడానికి మరో గండి, కుళాయికి ఒక రంధ్రం, ముందు అంచుకు గుండ్రని మలుపు. గట్టు ఎంత నాజూకైతే కోత అంత ఎక్కువ. మన నగరాల్లో ఈ పనిలో చాలా భాగం ఇంకా సైటులోనే, చేతి గ్రైండరుతో, మూతికి తుండుగుడ్డ కట్టుకుని జరుగుతున్నది. తుండుగుడ్డ ఈ పొడిని ఆపదు.

ముడిసరుకు వర్తకులకు

నెల్లూరు జిల్లా సైదాపురం వైపు తెల్లరాయికి, పాలమూరు వైపు పలుగురాతికి ఈ పలక వల్లనే మంచి గిరాకీ వచ్చింది. ఒకప్పుడు అభ్రకం గనుల పక్కన గుట్టలుగా పడివుండే రాయి అది. 2015 ఫిబ్రవరిలో చిన్న ఖనిజాల జాబితాకు మారిన క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్‌లను కేంద్రం 2025 ఫిబ్రవరిలో తిరిగి పెద్ద ఖనిజాలలో చేర్చింది. కౌలు, అనుమతుల తీరు దానితో మారింది.

ఆస్ట్రేలియా తలుపు మూశాక పలక తయారీదారులు సిలికా తగ్గించే మార్గాలు వెదుకుతున్నారు. పలుగురాతి స్థానంలో పాతగాజు పొడి, ఫెల్డ్‌స్పార్ వాడిన పలకలు బజారులో దిగాయి. గాజులోని సిలికా స్ఫటిక రూపంలో ఉండదు. పింగాణీ జాతి పెద్ద పలకలకు ఆస్ట్రేలియా నిషేధం వర్తించదు; మోర్వీ సరుకుకు ఇది కలిసివచ్చే అంశం. ఫెల్డ్‌స్పార్ నిల్వలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి గనుక, పలుగురాయి ఒక్కదానినే నమ్ముకున్న గ్రైండింగు మిల్లు యజమానులు రెండవ సరుకు వైపు చూపు సారించడం అవసరం. తెల్లదనంలో ఇనుము శాతం ఎంత అన్నదే ఇన్నాళ్లూ కొనుగోలుదారు మొదటి ప్రశ్న. ఇకమీద స్ఫటిక సిలికా శాతం కూడా ఆ ప్రశ్న పక్కన చేరుతుంది.

చీమకుర్తి వారికి ఇందులో కొంత ఆశ ఉన్నది, అయితే అతిగా కాదు. గాబ్రో రాతిలో సిలికా స్ఫటికం గ్రానైటు కంటే చాలా తక్కువ. ఈ గుణాన్ని పరీక్ష పత్రంతో సహా అమ్మకపు మాటగా మార్చుకున్న ఎగుమతిదారు కనిపించడం అరుదు. ఇటలీ, చైనా కొనుగోలుదారులు గ్యాంగ్ సా సైజు దిమ్మెకు బేరమాడేటప్పుడు చుక్క ఎంత దట్టం, గీత ఉన్నదా లేదా అనే చూస్తారు. ఆ పాత బేరం పక్కన కొత్త మాట ఒకటి చేరిస్తే నష్టం లేదు.

విదేశాల్లో కోత మీద కట్టుదిట్టాలు పెరిగేకొద్దీ, పలకను గట్టు కొలతకు ఇక్కడే కోసి, అంచు తీర్చి పంపమనే ఆర్డర్లు పెరిగే వీలున్నది. ధర పలకలో కంటే తయారైన గట్టులో ఎక్కువ గనుక ఇది లాభసాటి బేరమే. ఆ పనితో పాటు ధూళి కూడా ఇక్కడికే దిగుమతి అవుతుంది. సిలికోసిస్‌ను ప్రభుత్వానికి తెలియపరచవలసిన వ్యాధిగా 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత కోడు కూడా అదే చెబుతున్నది. ఇద్దరు ముగ్గురు పనివాళ్లతో రోడ్డు పక్కన నడిచే కోత షాపు మాత్రం ఫ్యాక్టరీ నిర్వచనంలోకి రాదు. కట్టరుకు నీటి గొట్టం, ధూళి పీల్చే యంత్రం, సరైన మాస్కు పెట్టించే ఖర్చు చదరపు అడుగు ధరలో కలపాలా, కాంట్రాక్టరు మీద వదలాలా అన్నది ఆ ఆర్డరు పట్టే వర్తకుడు కొటేషను రాసేనాడే తేల్చుకోవలసిన పద్దు.