ఐదుగురు అన్నదమ్ముల పేరుగల నౌక

యుద్ధనౌకలకు నగరముల పేర్లు, సేనానుల పేర్లు పెట్టుట లోకమందంతటను ఉన్నదే. ఒకే ఇంటి అన్నదమ్ములందరి పేరును కలిపి మోయుచున్న నౌక ఒకటి అమెరికా నౌకాదళమున కలదు. దాని పేరు 'ది సలివన్స్'. ఆ నౌక ఎట్టిదో, ఆ పేరు దాని కెట్లు వచ్చినదో మా శ్రోతలకు విన్నవింతుము.

1997 ఏప్రిల్ 19వ తేదీన దళమున చేరిన ఈ నౌక 'డిస్ట్రాయరు' తరగతికి చెందినది. పూర్వము టార్పెడో పడవలను వేటాడి ధ్వంసము చేయుటకై పుట్టిన నౌకలు గనుక వీనికా పేరు వచ్చినది. నేటి డిస్ట్రాయరుకు ప్రధానాయుధము నియంత్రిత క్షిపణి. సామాన్యమైన ఫిరంగి గుండు గొట్టమును వీడిన పిమ్మట దాని దారి మన చేతిలో నుండదు. క్షిపణి మార్గమును అది ఎగురుచుండగనే సరిదిద్దవచ్చును. 'ఏజిస్' అను వ్యవస్థ రాడారును, కంప్యూటర్లను, ఆయుధములను ఒక్కటిగా కూర్చును. నాలుగు రాడారు ఫలకములు తాము తిరుగకయే అన్ని దిక్కులను కనిపెట్టుచుండును. నౌక పొడవు 154 మీటర్లు. వేగము 30 నాట్లకు, అనగా గంటకు 55 కిలోమీటర్లకు పైమాట.

ఇక పేరు సంగతి. అయొవా రాష్ట్రమందలి వాటర్లూ పట్టణమున ఒక రైల్వే ఉద్యోగికి ఐదుగురు కుమారులు: జార్జి, ఫ్రాన్సిస్, జోసెఫ్, మాడిసన్, ఆల్బర్టు. పెర్ల్ హార్బరు దాడిలో తమ మిత్రుడొకడు మరణింపగా, 1942 జనవరిలో ఐదుగురును నౌకాదళమున చేరిరి. అందరును ఒకే నౌకపై ఉండవలెనని వారు పట్టుపట్టిరి. వారి కోర్కె చెల్లినది. 'జూనో' అను క్రూయిజరు వారికి లభించెను.

1942 నవంబరు 13న, గ్వాడల్కెనాల్ వద్ద రాత్రిపోరున దెబ్బతిని మరలివచ్చుచున్న జూనోను జపాను జలాంతర్గామి టార్పెడోతో కొట్టెను. నౌక పేలి క్షణములలో మునిగెను. ఎవ్వరును బ్రదికియుండరని తలచి, మరల దాడి జరుగునను శంకతో, వెంటనున్న నౌకలు సాగిపోయినవి. కాని నూరుమంది వరకు నీటిపై మిగిలియుండిరి. సహాయము వచ్చుటకు దినములు పట్టెను. దాదాపు 700 మందిలో నౌక మునిగిన పిదప కాపాడబడినవారు పదిమందియే. తమ్ములందరు పోయిన పిమ్మట పెద్దవాడు జార్జి తెప్పపై కొన్ని దినములు గడిపి మరణించెను. 1943 జనవరిలో తండ్రి ఇంటికి వచ్చిన అధికారులు తెచ్చినది ఐదుగురి వార్త.

అదే యేడు ఏప్రిల్ 4న ఆ తల్లి చేతిమీదుగా మొదటి 'ది సలివన్స్' నీట దిగెను. అది నేడు న్యూయార్కు రాష్ట్రమున బఫెలో రేవులో ప్రదర్శనశాలగా నున్నది. రెండవ నౌకను 1995లో జలప్రవేశము చేయించినది ఆల్బర్టు మనుమరాలు. జూనో శిథిలములు 2018లో 4,200 మీటర్ల లోతున కనబడినవి.

కలిసియుండవలెనను కోర్కెయే ఆ అన్నదమ్ములను ఒక్కసారిగా బలిగొన్నది. అయినను నేటి నౌక తన నినాదముగా ఆ మాటనే నిలుపుకొన్నది: మేము కలిసియే యుందుము.