పిడి, హిడి, పొన్ను: కత్తిపట్టు చెప్పే మాటలు

కె.ఆర్. మార్కెట్ దగ్గర కత్తి బేరమాడేటప్పుడు కన్నడంలో ‘హిడి’ అంటాం, ఇంటికొచ్చి తెలుగులో ‘పిడి’ అంటాం. రెండూ ఒకటే మాట. పాత కన్నడంలోనూ అది ‘పిడి’నే. సుమారు 10 నుంచి 14వ శతాబ్దం లోపల కన్నడంలో మాట మొదట్లోని ‘ప’ చాలాచోట్ల ‘హ’ అయింది: పాలు హాలు, పులి హులి. 1537లో కెంపేగౌడ కోట కట్టేనాటికే ఆ మార్పు జరిగిపోయింది. తెలుగు మాత్రం ‘ప’ను వదల్లేదు. పిడికిలి, పిడికెడు చూడండి, పట్టుకోవడమనే అర్థం అందులోనే ఉండాది.

పట్టుకునేదే ఊడితే చెయ్యి తెగుతుంది. అందుకే పాతకాలం పద్ధతి తెలుసుకోవాలి. కొయ్య బాగా ఎండినదై ఉండాల. పచ్చికొయ్య ఆరేకొద్దీ కుంచించుకుంటుంది, అప్పుడు పిడి వదులవుతుంది, లేదా చీలుతుంది. పిడిలోకి దిగే సన్నటి ఇనప మొన కన్నా చిన్న బెజ్జం వేసి, మొనను ఎర్రగా కాల్చి దింపితే కొయ్య కాలి సరిగ్గా దాని ఆకారానికే గుంట పడుతుంది. ఆ సేపు అలుగుకు తడిగుడ్డ చుట్టాల, లేకుంటే వేడి పాకి కత్తి పదును నిలవదు. మొనను బయటికి తీసి, బొగ్గు దులిపి, గుంటలో లక్కపొడి నింపి, మొనను మళ్లీ కొంచెం వేడిచేసి దించితే లక్క కరిగి, చల్లారినాక బిగుసుకుంటుంది. పిడి దగ్గర కలిసిన రెండు భాషలు ఇక్కడ విడిపోతాయి: మన లక్క కన్నడంలో ‘అరగు’.

ఇంక మూడో మాట పొన్ను. మొన కొయ్యలో మేకులాగా, చీల్చే బలంతో కూర్చుంటుంది. ఆ చీలికను ఆపేది పిడి మూతికి బిగించిన ఇనప కట్టు, అదే పొన్ను. దాన్ని మొన దించకముందే ఎక్కించాల. రోకలికీ చేతికర్రకీ ఉండేది కూడా ఇదే. ఇళ్లలో రోకలి పోయింది, దాంతో మాటా మాసిపోతా ఉండాది. మాట తెలియనివాళ్లు అంగట్లో ఆ కట్టు ఉందా లేదా అని చూడనే చూడరు.

కత్తి కొనేటప్పుడు పొన్ను చూడండి. లక్క పెట్టిన కత్తిని మాత్రం వేడినీళ్లలో నానబెట్టొద్దు. బిగించిన లక్కే వేడికి మెత్తబడి పిడిని వదిలేస్తుంది.