డెల్టా రోడ్ల మీద టూరింగ్ బండికి ఏ టైరు?

తెనాలి నుంచి రేపల్లెకు రమారమి 35 కిలోమీటర్లు, బాపట్లకు 50 లోపు. ఈ మూడు ఊళ్ల మధ్య ఎటు తిరిగినా ఘాట్ రోడ్డు అనేది తగలదు. బండిని వంచి తిప్పాలనుకుంటే కోటప్పకొండ దాకా పోవాలి. అసలైన మలుపులు కావాలంటే దోర్నాల దాటి శ్రీశైలం కొండ ఎక్కాలి. మనవాళ్ల దగ్గరున్న డామినార్లు, అపాచీ ఆర్‌ఆర్ 310లు, ఇంటర్‌సెప్టర్లు, ఎక్కడో ఒకటీ అరా కనిపించే నింజా 1000లు నూటికి తొంభై పాళ్లు నిటారుగానే నడుస్తాయి. అయినా టైరు అరిగి కొత్తది కొనాల్సి వచ్చేసరికి అందరూ ముందు అడిగేది మలుపులో పట్టు ఎలా ఉంటుందనే. నా మాట వేరు. ఈ ప్రాంతంలో తిరిగే బండికి టైరును వానరోజును దృష్టిలో పెట్టుకుని, ఇద్దరు ఎక్కినప్పటి బరువును లెక్కలో పెట్టుకుని కొనాలి. అందుకు కావలసిన అంకెలు చాలావరకు టైరు పక్కగోడ మీదే అచ్చేసి ఉంటాయి.

వెనక టైరు మీద 150/60 ఆర్17 66హెచ్ అని ఉందనుకుందాం. డామినార్ 400కీ, 390 డ్యూక్‌కీ, ఆర్‌ఆర్ 310కీ ఇదే కొలత. 150 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 60 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 60 శాతం, అంటే 90 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్. ఆ చోట అడ్డగీత ఉంటే సాధారణంగా బయాస్ టైరు. 17 అనేది రిమ్ము అంగుళాలు. చివరి అక్షరం వేగానికి హద్దు: పి అయితే గంటకు 150 కిలోమీటర్లు, ఎస్ 180, హెచ్ 210, వి 240, డబ్ల్యూ 270. అంత వేగంతో మనం ఎక్కడా పోము, పోకూడదు కూడా. కానీ ఆ అక్షరం టైరు ఎంత వేడికి తట్టుకుంటుందో కూడా చెబుతుంది కాబట్టి కంపెనీ ఇచ్చినదానికి తక్కువ అక్షరం తీసుకోవద్దు.

అందరూ దాటేసే అంకె 66. అది బరువు సూచిక. 66కు 300 కిలోలు. లెక్క వేసి చూద్దాం. డామినార్ పెట్రోలుతో సహా 193 కిలోలు. మొగుడూ పెళ్లాం కలిపి 150, బ్యాగులు 20 అనుకుంటే మొత్తం 363. ఇద్దరు కూర్చున్నప్పుడు అందులో సుమారు 60 శాతం వెనక చక్రం మీద పడుతుంది, అంటే 218 కిలోలు. 300 మోయగల టైరుకు ఇది సులువే. అదే బండి ముందు టైరు మీద సాధారణంగా 54 ఉంటుంది, అంటే 212 కిలోలు. 17 అంగుళాల రిమ్ముకు ఎక్కుతుంది కదా అని 54 సూచిక ఉన్న టైరును వెనక బిగిస్తే పెళ్లికి పోయే రోజునే అది బరువుకు చాలదు. కొత్త క్లాసిక్ 350 వెనక టైరుకు 62, అంటే 265 కిలోలు. నింజా 1000ఎస్‌ఎక్స్‌కు ముందు 58, వెనక 73. అంటే 236, 365 కిలోలు. ఇవన్నీ గాలి సరిగా ఉన్నప్పటి మాట. గాలి తగ్గితే మోసే శక్తీ తగ్గిపోతుంది.

ఇక్కడే వెడల్పు మోజు గురించి చెప్పాలి. 150 తీసేసి 160 వేయించుకుంటే వెనక నుంచి బండి నిండుగా కనిపిస్తుందని చాలామంది కుర్రాళ్ల కోరిక. 160/60 టైరుకు తగిన రిమ్ము వెడల్పు నాలుగున్నర అంగుళాలు. 390 డ్యూక్ లాంటి బండి రిమ్ము నాలుగే. ఇరుకు రిమ్ములో వెడల్పు టైరును బిగిస్తే అంచులు లోపలికి నొక్కుకుని నడిమి భాగం పైకి ఉబ్బుతుంది. నేలకు ఆనే చోటు పెరగాల్సింది పోయి తగ్గుతుంది. వ్యాసం కూడా మారుతుంది: 150/60కి 612 మిల్లీమీటర్లు, 160/60కి 624. రెండు శాతం తేడా. స్పీడోమీటరు, ఏబీఎస్ చక్రం తిరుగుడును బట్టి పనిచేసేవి. కంపెనీ లెక్కగట్టి పెట్టిన ముందు వెనకల పొత్తును మనం చెడగొట్టుకున్నట్టే. డబ్బు ఎక్కువ పెట్టి పట్టు తగ్గించుకోవడం నాకు బొత్తిగా నచ్చని పని.

ఇక అరుగుదల. హైదరాబాద్‌లో ఉద్యోగం, తెనాలిలో ఇల్లు ఉన్నవాళ్లలో చాలామంది బైకు మీదే వచ్చిపోతుంటారు. ఒక వైపు సుమారు 300 కిలోమీటర్లు, రానుపోను 600. నెలకు రెండుసార్లు వస్తే ఏడాదికి 14,400. అందులో అధిక భాగం 65వ నంబరు జాతీయ రహదారి మీద నిటారు పరుగే. టైరు నడిమి భాగం అరిగి చదునవుతుంది, అంచులు కొత్తగానే ఉంటాయి. బొటనవేలిని టైరు మధ్య నుంచి పక్కకు జరిపి చూడండి; గుండ్రంగా జారాల్సిన వేలు ఒకచోట గట్టు దిగినట్టు తగిలితే టైరు ఆకారం పోయినట్టు లెక్క. అలాంటి బండి మలుపు మొదట్లో వంగనని మొండికేసి, గట్టు దాటగానే ఒక్కసారిగా పడుకుంటుంది. అందుకే స్పోర్ట్ టూరింగ్ టైర్లలో మధ్యలో గట్టి రబ్బరు, పక్కల మెత్తటి రబ్బరు పెడతారు. మన రోడ్లకు ఆ మధ్య రబ్బరే ముఖ్యం. లెక్క కోసం ఒక టైరు 12,000 రూపాయలు, 12,000 కిలోమీటర్లు వస్తుందనుకోండి: కిలోమీటరుకు రూపాయి. రేసు తరహా మెత్తటి టైరు 14,000 పెట్టి కొంటే 7,000 కిలోమీటర్లకే అయిపోయిందనుకోండి: కిలోమీటరుకు రెండు రూపాయలు. ఏడాది తిరిగేసరికి తేడా 14,400. అంత పెట్టి కొన్న మెత్తదనం పక్క అంచుల్లో వాడకుండానే మిగిలిపోతుంది.

వాన సంగతి కాస్త నిదానంగా చూడాలి. 1963లో నాసా ఇంజనీర్లు హార్న్, డ్రెహర్ తడి రన్‌వేల మీద విమాన టైర్లను పరీక్షించి ఒక సూత్రం ఇచ్చారు. టైరులో గాలి ఎన్ని పీఎస్‌ఐ ఉందో దాని వర్గమూలాన్ని రమారమి 16.7తో గుణిస్తే ఎన్ని కిలోమీటర్ల వేగంలో టైరు నీటి మీద తేలిపోతుందో వస్తుంది. 36 పీఎస్‌ఐకి వర్గమూలం 6, వేగం 100. 25కు వర్గమూలం 5, వేగం 83. బైకు టైరు గుండ్రంగా, సన్నగా ఉండి నీటిని చీల్చుకుంటూ పోతుంది కనుక మనకు ఆ హద్దు ఇంకాస్త పైన ఉండొచ్చు. కానీ రెండు విషయాలు మారవు. గాలి తగ్గితే హద్దు కిందికి దిగుతుంది. నడిమి భాగం చదునై, గాడి లోతు పోతే గుండ్రటి టైరుకున్న ఆ కాస్త లాభమూ పోతుంది.

పంచర్ షాపులో ఏ బండి ఆపినా అలవాటు కొద్దీ ముందు 25, వెనక 35 కొట్టేస్తారు. నూట పాతిక సీసీ బండికి అది సరిపోతుందేమో. నింజా 1000కు కంపెనీ చెప్పింది ముందు 36, వెనక 42. ముందు చక్రంలో 25తో పోతే పై లెక్కలో హద్దు 100 నుంచి 83కు పడిపోయినట్టే. వానలో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందని కొందరు పెద్దవాళ్లు చెబుతారు. మట్టిలో, ఇసుకలో అది నిజం. తారు మీద నిలిచిన నీళ్లలో మాత్రం గాలి తక్కువ టైరు గాళ్లు నొక్కుకుపోయి నీరు బయటికి పోదు. గాలి కొలిచే వేళ కూడా ముఖ్యమే. పొద్దున 30 డిగ్రీల దగ్గర 36 ఉన్న టైరు పరుగులో 60 డిగ్రీలకు వేడెక్కితే మీటరు 41 చూపిస్తుంది. ఎక్కువైందని అప్పుడు ఐదు తీయించేస్తే మర్నాడు పొద్దున 31 మిగులుతుంది. బండి చల్లగా ఉన్నప్పుడే కొలవాలి.

బ్రేకు దూరం చూడండి. గంటకు 80 కిలోమీటర్ల వేగం. పొడి తారు మీద ఘర్షణ 0.8 అనుకుంటే బ్రేకు పట్టాక 31 మీటర్లలో ఆగుతాం. తడి మీద మంచి టైరుకు 0.5 అనుకుంటే 50 మీటర్లు. గట్టిపడిన పాత రబ్బరుకు 0.4 అనుకుంటే 63. బ్రేకు పట్టేలోపు ఒక్క సెకను ఆలస్యానికి మరో 22 మీటర్లు వీటన్నిటికీ కలపాలి. మంచి టైరుకూ పాత టైరుకూ మధ్య ఉన్న ఆ 13 మీటర్లలో ఒక లారీ పొడుగు ఇమిడిపోతుంది.

మన దగ్గర తడి అంటే వాన ఒక్కటే కాదు. రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల, చేపల లారీలు కార్చుకుంటూ పోయే నీళ్లు ఎండాకాలంలోనూ రోడ్డు మీద ఉంటాయి. కోతల రోజుల్లో ట్రాక్టర్లు చేలోంచి తెచ్చే నల్లరేగడి బురద, రోడ్డు వారగా ఆరబోసిన ధాన్యం, మంచుకు నానిన గడ్డి ఉంటాయి. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి వారాల్లో రేగడి మీద ఏ రోడ్డు టైరూ నిలవదు, వేగం తగ్గించడమే దారి. మిగిలిన రోజుల్లో ఉపయోగపడేది సిలికా కలిపిన రబ్బరు, నడుమ దాకా వచ్చే గాళ్లు. చట్టం ప్రకారం ద్విచక్ర వాహనానికి గాడి లోతు 0.8 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అది జరిమానా తప్పించుకునే హద్దే తప్ప వానకు సరిపోయే హద్దు కాదు. నా మటుకు వెనక టైరు రెండు మిల్లీమీటర్లకు వచ్చిందంటే జూన్ రాకముందే మార్చేస్తాను.

కొట్లో టైరు చేతికి రాగానే ముందు డాట్ అనే అక్షరాల చివర ఉన్న నాలుగు అంకెలు చదవండి. 2325 అంటే 2025వ సంవత్సరం 23వ వారం, జూన్ నెల. తెనాలి, బాపట్ల కొట్లలో మామూలు బళ్ల టైర్లు వారం తిరక్కుండా అమ్ముడుపోతాయి. 150/60, 180/55 లాంటివి అడిగేవాళ్లే తక్కువ గనక గుంటూరు నుంచో విజయవాడ నుంచో తెప్పించాలి, లేదా ఎప్పటిదో ఒకటి అటక మీద నుంచి దిగుతుంది. ఏడాది లోపుదైతే ఆలోచించకుండా తీసుకోవచ్చు. రెండేళ్లదైతే ధర తగ్గించమనండి. నాలుగేళ్లదైతే వెనక్కి ఇచ్చేయండి. వాడుతున్న టైరు ఐదేళ్లు దాటితే ఏటా చూపించుకోమనీ, పదేళ్లు నిండితే గాడి ఉన్నా తీసేయమనీ మిషెలిన్ చెబుతుంది. మన ఎండలో నేనైతే పదేళ్ల దాకా ఆగను.

ఐఎస్‌ఐ గుర్తు కూడా చూడాలి. 2020 జూన్ నుంచి కొత్త టైర్ల దిగుమతికి లైసెన్సు కావాలి. గుర్తు లేని విదేశీ టైరును ఎవరైనా చవకగా ఇస్తామంటే అది ఏ దారిన వచ్చిందో అడగండి. మరో అంకె జేబుకు సంబంధించింది: 2025 సెప్టెంబర్ 22 నుంచి టైర్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను లేకుండా 10,000 రూపాయల టైరు 12,800 కావాల్సింది ఇప్పుడు 11,800. బిల్లు అడిగి తీసుకుంటేనే ఆ వెయ్యి మనకు దక్కిందో లేదో తెలుస్తుంది.

కంపెనీ పేర్ల మీద ఎక్కువసేపు తగవుపడక్కర్లేదు. ఆర్‌ఆర్ 310కి 2020 నుంచి మిషెలిన్ రోడ్ 5 వేసే ఇస్తున్నారు, వానకు అది మంచి టైరు. అపోలో ఆల్ఫా హెచ్1, సియట్ స్పోర్ట్‌రాడ్, ఎంఆర్‌ఎఫ్ స్టీల్ బ్రేస్ వంటి మన దేశపు రేడియళ్లు ఈ నాలుగైదేళ్లలో వచ్చాయి. దొరకడం సులువు, గ్యారంటీ గొడవ వస్తే దగ్గర్లో డీలరు ఉంటాడు. ఏది కొన్నా ముందు రేడియల్, వెనక బయాస్ కలపొద్దు.

పంచర్ మాట చెప్పకపోతే ఇది పూర్తి కాదు. బాపట్ల తీరం పొడవునా సర్కారు తుమ్మ. దాని ముల్లు కొత్త టైరులోనూ దిగుతుంది. నడిమి భాగంలో దిగితే బయటి నుంచి పెట్టే దారం ఇంటికి చేరడానికి పనికొస్తుంది. ఆ తర్వాత టైరు విప్పి లోపలి నుంచి ప్యాచ్ వేయించాలి. పక్కగోడలో దిగితే బాగుచేయించే మాటే లేదు, టైరు మార్చాల్సిందే.

బిగించేటప్పుడు పక్కగోడ మీది బాణం చక్రం తిరిగే వైపే ఉందో లేదో మీరే చూడండి. ట్యూబ్‌లెస్ అయితే వాల్వు కూడా కొత్తది వేయించండి. ఖర్చు వందల్లో కూడా ఉండదు. బ్యాలెన్సింగ్ చేసే మిషను దగ్గర్లో లేకపోతే చక్రాన్ని విప్పి గుంటూరు తీసుకుపోవడమైనా మంచిదే. కొత్త రబ్బరు పైన నున్నటి పొర ఉంటుంది కనుక మొదటి 150 కిలోమీటర్లు గట్టిగా బ్రేకు పట్టకుండా, బండిని ఎక్కువ వంచకుండా నడపండి. మర్నాడు పొద్దున బండి తీయకముందే గాలి మళ్లీ కొలవండి. రెండు పీఎస్‌ఐ తగ్గి ఉంటే రిమ్ము అంచు దగ్గర సబ్బు నీళ్లు పోసి బుడగలు వస్తున్నాయేమో చూసి, బిగించినవాడి దగ్గరికే తీసుకెళ్లండి.