మీకు తెలుసా? నడుం లోతు నీళ్లలో మనిషిని మించిన చేప!

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం దక్షిణ కొసన దీవుల వరుస ఒకటుంది. పేరు ఫ్లోరిడా కీస్. వాటి చుట్టూ చాలాచోట్ల సముద్రం నడుం లోతు కూడా ఉండదు. అక్కడ గైడ్‌ను వెంటబెట్టుకుని గాలం వేయడం ఓ పెద్ద సరదా.

• చేపలుండే చోటికి చేరగానే ఇంజను ఆపేస్తారు. చప్పుడైతే చేప పరార్! గైడ్ పడవ వెనక, ఇంజను పైన కట్టిన చిన్న మంచె ఎక్కి, పొడవాటి గడతో పడవను నెడతాడు. మన కొల్లేట్లో దోనెకు గడవేసినట్టే.

• చేప ఎటుందో గడియారం లెక్కలో చెబుతాడు. పడవ ముక్కు 12 గంటలు. "10 గంటలు, 40 అడుగులు" అంటే ముందుకు, ఎడమవైపుకు 40 అడుగుల దూరంలో ఉందని.

• బోన్‌ఫిష్ ఇసుకలో మూతి పెట్టి పీతలు, రొయ్యలు వెతుకుతుంటే దాని తోక నీటిపైన తళుక్కుమంటుంది. ఆ తోకే ఆనవాలు.

• ఆరడుగులు దాటి పెరగగల టార్పన్ చేప నీటిపైకి వచ్చి గాలి గుటకేస్తుంది. దాని గాలితిత్తి ఊపిరితిత్తిలా కూడా పనిచేస్తుంది. మలుగుపాము దీనికి దూరపు చుట్టం. టార్పన్‌లలోనే చిన్న రకం ఒకటి భారత తీరంలోనూ ఉంది.

• అక్కడ పట్టిన టార్పన్ కూరకు రాదు. 2013 నుంచి దాన్ని వదిలేయాల్సిందే. 40 అంగుళాలు మించితే నీళ్లలోంచి పైకి ఎత్తనే కూడదు!