నేల కింది నీటికి సాక్షులు: పరిశీలన బావులు ఎందుకు, ఎలా?

భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ కర్మాగారం ఆవరణలో దశాబ్దాలుగా నిల్వ ఉన్న 337 టన్నుల విషవ్యర్థాలను 2025 జనవరిలో పీతంపూర్‌కు తరలించారు. జూన్ నెలాఖరుకు వాటి దహనం పూర్తయింది. కంటికి కనిపించే వ్యర్థాల సంగతి అలా తేలింది. నేలలోకి ఇంకి నీటిలో కలిసిన విషం సంగతి మాత్రం తేలలేదు.

1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి వెలువడిన వాయువు ఈ నీటి కాలుష్యానికి మూలం కాదు. కర్మాగారం నడిచిన కాలంలో ఆవరణలోనూ, పక్కనున్న చెరువుల్లోనూ వదిలిన రసాయనాలే దీనికి మూలం. పరిసర బస్తీలకు సురక్షిత జలం అందించాలని 2004లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినా కాలుష్యం ఎంత దూరం, ఎంత లోతు వ్యాపించిందన్న విషయంలో వివిధ సంస్థల అధ్యయనాలు ఒకే మాట చెప్పలేదు. ఇటువంటి చోట్ల ఫలితాన్ని నిర్ణయించేది ప్రయోగశాల ఒక్కటే కాదు. బావి ఎక్కడ వేశారు, నీరు ఏ లోతు నుంచి తీశారు, సీసా ఎలా నింపారు అన్నవి అంతకు ముందే సగం నిర్ణయిస్తాయి.

ఇంటి బోరు చాలదా?

తాగునీటి బోరు పలు పొరల నీటిని ఒకేసారి తోడుతుంది. ఒక పొరలోని కాలుష్యం మిగిలిన పొరల మంచినీటిలో పలచబడి, పరీక్షలో కనిపించకపోవచ్చు. ప్రజలు ఏం తాగుతున్నారో చెప్పడానికి ఆ నమూనా అవసరమే. కాలుష్యం ఎక్కడి నుంచి ఎటు కదులుతున్నదో చెప్పడానికి అది చాలదు. అందుకే ప్రత్యేకంగా పరిశీలన బావులు వేస్తారు.

నీటి ప్రవాహ దిశ తెలియాలంటే ఒకే వరుసలో లేని కనీసం మూడు బావులు కావాలి. సముద్రమట్టం నుంచి ప్రతి బావి అంచు ఎత్తును కొలిచి, అందులోంచి నీటిమట్టం లోతును తీసివేస్తే నీరు ఎటు వాలుతున్నదో తెలుస్తుంది. ఒక బావి తప్పనిసరిగా ప్రవాహానికి ఎగువన ఉండాలి. కాలుష్య స్థలాన్ని తాకకముందు నీరు ఎలా ఉన్నదో చెప్పేది అదే. అది లేకుంటే, దోషం సహజమైనదా, కర్మాగారానిదా అన్న వాదన ఎన్నటికీ తెగదు.

బావి నిర్మాణం

తవ్విన రంధ్రంలోకి గొట్టం దించుతారు. పరీక్షించదలచిన పొర ఉన్నచోట మాత్రమే దానికి సన్నని గాట్లు ఉంటాయి. ఆ భాగం చుట్టూ శుభ్రమైన ఇసుక, దానిపైన నీరు తగిలితే ఉబ్బే బెంటోనైట్ బంకమట్టి, ఆపైన నేలమట్టం వరకు సిమెంటు మిశ్రమం నింపుతారు. ఈ మూత సరిగా పడకపోతే పై పొరలోని విషం బావి వెంటే కిందికి దిగుతుంది. కాలుష్యాన్ని కనిపెట్టవలసిన బావే దానికి దారి అవుతుంది.

గాట్లు ఏ లోతులో ఉండాలన్నది రసాయనాన్ని బట్టి ఉంటుంది. పెట్రోలు వంటివి నీటిపై తేలుతాయి. క్లోరిన్ కలిసిన అనేక ద్రావకాలు నీటికన్నా బరువైనవి కనుక అడుగుకు చేరుతాయి. పైనీటినే పరీక్షిస్తే అవి దొరకవు.

సీసా నింపే ముందు

కొత్త బావిలోని బురదను తోడి, నీరు తేటపడేదాకా శుభ్రం చేయాలి. నమూనా తీసే రోజున ముందుగా నీటిమట్టం కొలుస్తారు. గొట్టంలో నిలిచిన నీరు పొరలోని నీటికి ప్రతినిధి కాదు. అందువల్ల నిలిచిన నీటికి మూడు నుంచి ఐదు రెట్లు తోడివేయడం పాత పద్ధతి. నిమిషానికి అర లీటరుకు మించకుండా నెమ్మదిగా తోడుతూ, ఆమ్ల-క్షార స్థాయి, విద్యుత్ వాహకత, కరిగిన ఆక్సిజన్ స్థిరపడేదాకా ఆగడం ఇప్పటి పద్ధతి.

గాలిలోకి ఎగిరిపోయే రసాయనాల కోసం చిన్న సీసాను ఒక్క బుడగ కూడా లేకుండా నింపాలి. లోహాల పరీక్షకు నైట్రిక్ ఆమ్లం చేర్చాలి. సీసాలను మంచుపెట్టెలో ఉంచి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎప్పుడు మారాయో నమోదు చేయాలి. శుద్ధజలం నింపిన సీసాను కూడా వాటితో పంపుతారు. అందులో రసాయనం కనిపిస్తే లోపం బావిది కాదు, పని తీరుది.

తెలుగు నేలపై మరో చిక్కు

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి గుర్తించిన 43 తీవ్ర కాలుష్య పారిశ్రామిక ప్రాంతాల్లో విశాఖపట్నం, పటాన్‌చెరు-బొల్లారం ఉన్నాయి. పటాన్‌చెరు వంటి గట్టిరాతి నేలల్లో లోతున ఉన్న నీరు రాతి పగుళ్ల వెంట నడుస్తుంది. పగులు తగలని బావి, కాలుష్యం పది అడుగుల దూరంలో ఉన్నా ఏమీ లేదనే చెబుతుంది. అందుకే ముందు భూభౌతిక సర్వే చేసి, తరువాతే చోటు నిర్ణయించాలి.

కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం 2025 జులైలో నిబంధనలను నోటిఫై చేసింది. అనుమానిత స్థలాలను గుర్తించి, తొలి అంచనా వేసి, ఆపై సవివరమైన సర్వేతో నిర్ధారించాలన్నది వాటి క్రమం. ఆ నిర్ధారణకు బలం బావుల నుంచే రావాలి.

కనుక “కాలుష్యం లేదు” అనే నివేదిక చేతికందినప్పుడు పౌరులు కొన్ని ప్రశ్నలు అడగవచ్చు. ఎన్ని బావులు వేశారు? ఎగువన ఒకటి ఉన్నదా? ఏ లోతులో నీరు తీశారు? వానకాలానికి ముందు, తరువాత కూడా పరీక్షించారా? వీటికి జవాబు లేని నివేదిక, కాలుష్యం లేదని చెప్పినట్టు కాదు. తమకు కనిపించలేదని మాత్రమే చెప్పినట్టు.