ఆదివారం భక్తి – ఆరు రోజుల బతుకు

 

మన హాస్టల్లో క్రైస్తవ కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళం కొందరం ఉన్నాం. ఇంటి దగ్గర భక్తి పెద్ద కష్టం కాదు. ఆదివారం అమ్మే లేపుతుంది. చర్చి గంట వినిపిస్తుంది. అందరితో పాటు మనమూ పాడతాం. ఇక్కడ అమ్మ లేదు, చర్చి లేదు. ఉన్నవి స్టడీ అవర్, మెస్ లైను, కుళాయి దగ్గర తగువులు. మరి ఇక్కడ విశ్వాసాన్ని ఎలా నిలబెట్టుకోవాలి? నాకు తెలిసినంత వరకు వివరిస్తాను. వేరే దేవుళ్ళను కొలిచే స్నేహితులు కూడా చదవండి. మీకు పనికివచ్చే మాట కూడా ఇందులో ఉంది.

1. హాస్టల్ విద్యార్థి దానియేలు

దానియేలు అనగానే అందరికీ సింహాల గుహే గుర్తుకొస్తుంది. కాని ఆయన కథ అంతకు చాలా ముందు మొదలయింది. బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును ముట్టడించి, అక్కడి చురుకైన పిల్లలను కొందరిని తన దేశానికి తీసుకుపోయాడు. వాళ్ళకు 3 సంవత్సరాల చదువు ఏర్పాటు చేశాడు. తిండి రాజుగారిదే. భాష కొత్తది. పేర్లు కూడా మార్చారు. దానియేలుకు బెల్తెషాజరు అని పెట్టారు. ఒక రకంగా అది కూడా రెసిడెన్షియల్ స్కూలే! ఇంట్లో కోయ మాట్లాడి, ఇక్కడ తెలుగులో, ఇంగ్లీషులో చదువుకునే మనకు ఆ కష్టం తెలుసు.

రాజు భోజనం తింటే తన నియమం చెడుతుందని దానియేలు అనుకున్నాడు. అయితే కంచం విసిరికొట్టలేదు, పారిపోలేదు. తమను చూసుకునే అధికారి దగ్గరికి వెళ్ళి, "10 రోజులు మాకు శాకాహారం, నీళ్ళు ఇచ్చి చూడండి, తర్వాత మీ ఇష్టం" అని మర్యాదగా అడిగాడు. ఆ అధికారిని మనం వార్డెన్ సార్ అనుకోవచ్చు. 10 రోజుల తర్వాత చూస్తే వీళ్ళ ముఖాలే మిగతావాళ్ళ కంటే కళగా ఉన్నాయి. దీన్నిబట్టి తెలిసేది ఏమంటే, విశ్వాసం గట్టిగా ఉండాలి, మాట మెత్తగా ఉండాలి.

తర్వాత దర్యావేషు రాజు కాలంలో, 120 మంది అధిపతుల మీద పెట్టిన ముగ్గురు ప్రధానుల్లో దానియేలు ఒకడు. మిగతావాళ్ళకు కన్ను కుట్టింది. ఆయన పనిలో తప్పు వెతికారు. ఎంత వెతికినా మోసం గాని, నిర్లక్ష్యం గాని కనిపించలేదు. చివరికి ఆయన ప్రార్థన మీద పడ్డారు. 30 రోజులు రాజును తప్ప ఎవరినీ వేడుకోకూడదని చట్టం చేయించారు. అయినా దానియేలు ఎప్పటిలాగే యెరూషలేము వైపు కిటికీలు తెరిచి రోజుకు 3 సార్లు ప్రార్థన చేశాడు. సింహాలు ఆ తర్వాతి సంగతి.

సింహాలు ఆయనను ముట్టకపోవడం కంటే, శత్రువులు వెతికినా పనిలో తప్పు దొరకకపోవడమే నాకు ఎక్కువ ఆశ్చర్యం. మన పనిలో అలా వెతికితే ఏం దొరుకుతుంది?

2. నా దగ్గర దొరికింది

ఒకసారి మెస్‌లో గుడ్లు వడ్డించే డ్యూటీ నాకు పడింది. అందరికీ తలా ఒకటి. నేను ఒకటి ఎక్కువ తీసి జేబులో వేసుకున్నాను. లైను చివర 5వ తరగతి పిల్లవాడు నిలబడ్డాడు. గిన్నె ఖాళీ. వాడు ఏమీ అనలేదు. చారు పోయించుకుని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి ప్రార్థన చెప్పింది నేనే. బాగానే చెప్పాను. అయిపోయాక పక్క మంచం మీది స్నేహితుడు (వాడు మా మతం కాదు) మెల్లగా అడిగాడు: "ప్రార్థన బాగుందిరా. ఆ పిల్లోడి గుడ్డు కూడా బాగుందా?"

నాకు నిద్ర పట్టలేదు. సుంకరి జక్కయ్య గుర్తొచ్చాడు. యెరికోలో పన్నులు వసూలు చేసి ధనవంతుడైనవాడు. యేసు తన ఇంటికి వచ్చిన రోజున, ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నా నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. ఏడ్చి ఊరుకోలేదు, లెక్క కట్టాడు. తెల్లవారి వార్డెన్ సార్‌తో నిజం చెప్పాను. తిట్లు తిన్నాను. నేను తీసింది ఒకటి గనుక నాలుగు వారాలు నా గుడ్డు ఆ పిల్లవాడికి ఇచ్చాను. మూడో వారం నుంచి వాడే సగం తుంచి నా కంచంలో పెట్టాడు.

క్రియలు లేని విశ్వాసం చచ్చినదని యాకోబు పత్రికలో ఉంది. ఆ మాట నాకు వచ్చు, పోటీలో అప్పజెప్పి బహుమతి కూడా తెచ్చుకున్నాను. అర్థం మాత్రం మెస్‌లో తెలిసింది.

3. పండుగ వచ్చినప్పుడు

మాలో చాలామందికి ఇదే అసలు చిక్కు. మా తాత వేల్పును కొలుస్తాడు. కొత్తల పండుగకు నేను దూరంగా నిలబడితే, "నీ దేవుడు తాతను వదిలెయ్యమన్నాడారా?" అని అడిగాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఈ ప్రశ్న కొత్తది కాదు. కొరింథు పట్టణంలోని విశ్వాసులకు రాసిన మొదటి పత్రికలో (8, 10 అధ్యాయాలు) పౌలు దీన్ని గురించే రాశాడు. భోజనం వల్ల దేవునికి దగ్గర కాము, దూరం కాము అన్నాడు. ఎవరైనా భోజనానికి పిలిస్తే, వెళ్ళాలనిపిస్తే వెళ్ళి, పెట్టింది తినమన్నాడు. ఇది బలి ఇచ్చినది అని ఎవరైనా చెబితే మాత్రం, అలా చెప్పినవాని కోసం తినవద్దన్నాడు. మన తిండి వల్ల ఇంకొకడు తడబడకూడదని ఆయన చెప్పిన కారణం.

దీని మీద ఒక్కో సంఘంలో ఒక్కో మాట ఉంది. నేను చేసేది చెబుతాను. పండుగకు వెళ్తాను. నీళ్ళు మోస్తాను, కట్టెలు తెస్తాను, తాత పక్కన కూర్చుంటాను. మొక్కను, బలి కూర తినను. ఎందుకో మెల్లగా చెబుతాను. ఎవరి వేల్పునూ ఎగతాళి చేయను. తల్లిదండ్రులను సన్మానించమనేది కూడా పది ఆజ్ఞల్లో ఒకటే గదా! తాత ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. కాని పోయినసారి నాకు వేరే కుండలో పప్పు వండించాడు.

మన రాజ్యాంగం 25వ అధికరణం ఎవరి మతం వాళ్ళు పాటించే స్వేచ్ఛ ఇచ్చింది. అది నాకూ ఉంది, మా తాతకూ ఉంది. కాబట్టి డార్మెటరీలో ఎవరినీ ప్రార్థనకు బలవంతంగా కూర్చోపెట్టకూడదు.

4. మన పెద్దలు చూపినది

మన గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో 1860 ప్రాంతంలో కోయల మధ్య మిషను పని మొదలయింది. 1912లో వి.ఎస్. అజరయ్య గారు దోర్నకల్ బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. బాప్తిస్మం పొందిన ప్రతివాడూ సాక్షిగా ఉండాలని ఆయన నేర్పారు. చదువు రాని ఊళ్ళో ఇరుగుపొరుగు బైబిలు చదవలేరు. పక్కింటివాడి నడతనే చదువుతారు. మన రూములో కూడా అంతే.

5. నిప్పు ఆరకుండా

మా నాయనమ్మ రాత్రి పొయ్యిలో నిప్పుల మీద బూడిద కప్పేది. తెల్లవారి బూడిద తీసి ఊదితే నిప్పు రాజుకునేది. విశ్వాసం కూడా అలా కాపాడుకోవలసినదే. నేను పాటించేవి ఇవి:

• పొద్దున బెల్లుకు 10 నిమిషాల ముందు లేచి ప్రార్థన. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకొని ప్రార్థించమని యేసు చెప్పాడు. మనకు గది లేదు, దుప్పటి ఉంది. పక్కవాడి నిద్ర చెడగొట్టి గట్టిగా పాడటం భక్తి కాదు.

• వారానికి ఒక్క వాక్యం నేర్చుకోవడం. దాన్ని ఆ వారం చేసి చూడటం.

• తప్పు జరిగితే పొద్దుగూకే లోపు ఒప్పుకోవడం.

• మన తప్పు మన ముఖం మీద చెప్పే స్నేహితుణ్ణి ఒకణ్ణి వదలకుండా ఉంచుకోవడం. ఒంటి కొరివి త్వరగా ఆరిపోతుంది, రెండు కలిస్తే మండుతాయి.

నాకు ఆ స్నేహితుడు ఉన్నాడు. గుడ్డు సంగతి అడిగినవాడే. ఇప్పటికీ మెస్ డ్యూటీ రోజున నా జేబు తడిమి చూసి నవ్వుతాడు. చూడనీ.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి